ఒడ్డు ఎవరి పేరున ఉంది?

2003 అక్టోబరులో సెనెగల్ దేశంలోని సెయింట్ లూయీ పట్నాన్ని వరద ముంచెత్తేలా ఉంది. సెనెగల్ నది నిండుగా పారుతోంది. నదికీ అట్లాంటిక్ సముద్రానికీ మధ్య పొడవుగా, సన్నగా ఒక ఇసుక దిబ్బ ఉంటుంది. దాన్ని లాంగ్ ద బార్బరీ అంటారు. వరద నీళ్లు త్వరగా సముద్రంలోకి పోవాలని అధికారులు ఆ దిబ్బకు అడ్డంగా 4 మీటర్ల వెడల్పున ఒక కాలువ తవ్వించారు. పట్నం గట్టెక్కింది. కాలువ మాత్రం అక్కడితో ఆగలేదు. రోజుల్లోనే వందల మీటర్లకు పెరిగింది. ఏళ్లు గడిచేసరికి కిలోమీటర్ల వెడల్పున సముద్రం లోపలికి వచ్చేసింది. ఆ దిబ్బ అండ చూసుకుని బతికిన దూన్ బాబా ద్యే అనే ఊరు నీళ్లపాలైంది. నది నీళ్లు ఉప్పెక్కి కూరగాయల మడులు పోయాయి. కొత్తగా ఏర్పడిన ఆ ముఖద్వారం దగ్గర అల ఎటు నుంచి లేస్తుందో అంచనా తప్పి, పడవలు తిరగబడి చాలామంది జాలర్లు చనిపోయారు.

అదే పట్నంలో గెట్ ఎన్‌దార్ అనే జాలరి వాడ ఉంది. 2017, 2018ల్లో పోటెత్తిన అలలకు సముద్రం పక్కనున్న ఇళ్లు అక్కడ వరసగా కూలిపోయాయి. ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఆ కుటుంబాల్ని లోపలికి, జూగోప్ అనే చోటికి తరలించారు. అక్కడ అలల భయం లేదు, కానీ సముద్రం కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. వేటకెళ్లేవాళ్లు పడవ దగ్గరికి చేరడానికే చార్జీలు పెట్టుకోవాలి. చేపలు అమ్ముకునే, ఎండబెట్టుకునే ఆడవాళ్లకు పని చోటు ఒకచోట, పిల్లలు ఇంకోచోట.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చదివాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. వాతావరణ మార్పు నుంచి జాలర్లను కాపాడతామంటూ వచ్చే పథకాలు చాలావరకు వాళ్లను ప్రమాదంలో ఉన్న ఇళ్లుగా లెక్కపెడుతున్నాయి. ఒడ్డు వాళ్లు పనిచేసే చోటు అన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. అందుకే గోడ కట్టడానికీ ఇళ్లు ఇవ్వడానికీ శిక్షణలు పెట్టడానికీ ముందు, ఆ ఒడ్డు మీద వాళ్ల హక్కును కాగితం మీద ఖాయం చేయాలంటాను. ఆ ఒక్క పని చేయకుండా పోసే డబ్బు, ఎంత మంచి మనసుతో పోసినా, చివరికి వాళ్లను ఒడ్డు ఖాళీ చేయించడానికే పనికొస్తుంది.

బయటివాళ్లకు అది ఖాళీ ఇసుకలా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అంగుళం ఖాళీ ఉండదు. తెల్లవారే వేళకు పడవ అలల మీద నుంచి ఇసుక మీదికి వస్తుంది. పోటు వచ్చినా నీళ్లు అందనంత పైకి దాన్ని అందరూ కలిసి లాగాలి. వలను దులుపుతూ దాని కళ్లలో ఇరుక్కున్న చేపల్ని ఒక్కొక్కటే విడిపిస్తారు. మొప్పల దగ్గర పట్టేసిన చేపను గట్టిగా గుంజితే చితుకుతుంది, ధర పడిపోతుంది. అందుకని దారాన్నే వేలితో మొప్ప మీంచి వెనక్కి తప్పిస్తారు. తర్వాత వలను ఇసుక మీద పొడవునా పరిచి చిరుగులు వెతుకుతారు. చిరుగు దొరికితే చుట్టూ తెగిపోయిన కళ్లను కత్తితో శుభ్రంగా కోసేసి, సూదితో కొత్త కళ్లు అల్లుతారు. ఇది గంటల పని. వల నిడివి అంతా పరుచుకునేంత చోటు దానికి కావాలి. పక్కనే బేరాలు జరుగుతుంటాయి. అమ్ముడుపోని చిన్న చేపల్ని ఆడవాళ్లు ఎండలో పరుస్తారు, తిరగేస్తారు, కాకుల్నీ కుక్కల్నీ తోలుతారు. మబ్బు పట్టిందంటే ఉన్నపళంగా ఎత్తెయ్యాలి. ఒక జల్లుకు తడిసి ముద్దయితే ఆ సరుకు పురుగు పడుతుంది. ఇల్లు దగ్గర్లో ఉంటేనే పొయ్యి మీద వంట వదిలి పరిగెత్తుకొచ్చి ఆ చేపల్ని కాపాడుకోవడం కుదురుతుంది. తెల్లవారుజామున లేచి, గుమ్మంలో నిలబడి, గాలీ అలల చప్పుడూ చూసి ఈ రోజు దిగాలా వద్దా అని తేల్చుకునేదీ ఆ ఇంట్లో నుంచే.

ఇవేవీ నాలుగు కిలోమీటర్ల అవతలి కాలనీలో జరిగే పనులు కావు. చాలా దేశాల్లో ఈ ఇసుక రికార్డుల్లో ప్రభుత్వానిది. తరతరాలుగా వాడుకుంటున్నవాళ్ల దగ్గర పట్టా ఉండదు, సర్వే నంబరు ఉండదు. మామూలు రోజుల్లో దాంతో పెద్ద ఇబ్బంది లేదు, అందరికీ తెలుసు ఎవరి పడవ ఎక్కడ పెట్టుకుంటారో. సముద్రం ముందుకు వచ్చి చోటు ఇరుకైనప్పుడు, లేదా ఆ చోటు మీద ఇంకొకరి కన్ను పడినప్పుడు, కాగితం లేనివాడి మాట ఎవరూ వినరు.

సముద్రం ముందుకు వస్తోంది అన్నది ఊరికే అనే మాట కాదు. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్ర మట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. అంటే ఇంచుమించు జానెడు. 2006 నుంచి 2018 మధ్య ఆ పెరుగుదల ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున సాగింది, వెనకటి దశాబ్దాల కంటే వేగంగా. జానెడే కదా అనిపించొచ్చు. వాలు తక్కువగా ఉండే ఇసుక తీరంలో జానెడు ఎత్తు పెరిగిన నీరు మీటర్ల కొద్దీ లోపలికి వస్తుంది. తుఫాను అల ఆ పెరిగిన మట్టం మీద నుంచి లేస్తుంది కాబట్టి, ఒకప్పుడు వల ఆరేసుకునే చోటు దాకా వచ్చి ఆగిన నీరు ఇప్పుడు గుమ్మం తడుతుంది.

నీటి లోపల ఇంకో మార్పు. మనం గాల్లోకి వదిలిన వాయువుల వల్ల భూమి మీద నిలిచిపోతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. చేపలు వేడిని ఒక హద్దు వరకే ఓర్చుకుంటాయి. ఆ తర్వాత చల్లటి నీటి వైపు, లోతుకు, కొత్త తీరాలకు తరలిపోతాయి. కేరళలో నూనె కవళ్ల పట్టుబడి 2012లో నాలుగు లక్షల టన్నులకు దగ్గరగా వెళ్లింది. 2021లో 3,297 టన్నులకు పడిపోయింది. ఇందులో ఎల్‌నినో పాత్ర ఉంది, పిల్ల చేపల్ని కూడా ఊడ్చేసిన వేట పాత్రా ఉంది. కారణాలు ఎన్నయినా, ఆ చేపను నమ్ముకుని పెద్ద వలలకూ ఇంజన్లకూ అప్పు చేసిన కుటుంబాలకు తగిలిన దెబ్బ ఒక్కటే. పెద్ద నౌక ఉన్నవాడు చేప వెనకాలే వెళ్లగలడు. చిన్న ఇంజను పడవ వాడికి డీజిలు ఎంతో, ఐసు ఎంతో, వేట దూరం అంతే. పసిఫిక్ ద్వీప దేశాలదీ ఇదే టెన్షన్, పెద్ద ఎత్తున. వాళ్ల జలాల్లో ట్యూనా పట్టుకునే విదేశీ నౌకలు కట్టే ఫీజులే అక్కడి ప్రభుత్వాల ఆదాయంలో పెద్ద వాటా. వేడి ఇలాగే పెరిగితే 2050 నాటికి ట్యూనా తూర్పుకు జరిగి ఆ దేశాల హద్దులు దాటి బహిరంగ సముద్రంలోకి పోతుందని అంచనాలు చెబుతున్నాయి. ఈ వేడిని పెంచడంలో ఆ ద్వీపాల పాత్ర ఇసుక రేణువంత.

ఇప్పుడు నా వాదనకు అసలు ఆధారమైన చోటికి వస్తాను. 2004 డిసెంబరు సునామీకి వాతావరణ మార్పుతో సంబంధం లేదు. కానీ తీరం ప్రమాదకరమని తేలిన తర్వాత ప్రభుత్వాలు జాలర్లతో ఎలా ప్రవర్తిస్తాయో చూపించిన పరీక్ష అది. శ్రీలంకలో దక్షిణ, పశ్చిమ తీరాల్లో 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాల్లో 200 మీటర్ల లోపు ఇళ్లు మళ్లీ కట్టకూడదన్నారు. హోటళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో నిద్రపోయే మనిషికి ప్రమాదమైన చోటు హోటల్లో నిద్రపోయే మనిషికి ఎలా క్షేమం అవుతుందని జాలరి సంఘాలు అడిగాయి. సూటిగా జవాబు చెప్పినవాళ్లు లేరు. గొడవ ముదిరాక ఆ హద్దుల్ని సడలించాల్సి వచ్చింది.

తమిళనాడులో 2005 మార్చిలో జీవో 172 వచ్చింది. పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు ఇల్లు పోయినవాళ్లు అవతలికి వెళితే లక్షన్నర విలువైన కొత్త ఇల్లు ఉచితం. వెళ్లం అన్నవాళ్లు ఉన్నచోటే సొంత డబ్బుతో బాగు చేసుకోవచ్చు, ప్రభుత్వం నుంచి పైసా రాదు. కొత్త ఇల్లు తీసుకునేవాళ్లు పాత ఇంటినీ స్థలాన్నీ రాతపూర్వకంగా ప్రభుత్వానికి వదులుకోవాలి. పైకి ఇది ఇష్టపూర్వకమే. సర్వం కోల్పోయి గుడారంలో ఉన్న మనిషికి ఇచ్చే ఇష్టం ఎలాంటిదో మనకు తెలుసు. ఆ జీవో రాసినవాళ్లు దుర్మార్గులని నేను అనను, ఇంకోసారి అల వస్తే పిల్లలు పోకూడదనే వాళ్ల ఆలోచన అయ్యుండొచ్చు. కానీ స్థలం వదులుకోవాలన్న ఆ ఒక్క షరతు ప్రాణరక్షణకు ఎందుకు అవసరం? రాత్రి నిద్ర అవతల, పగలు పని ఇవతల అని, స్థలం ఊరి ఉమ్మడి పేరునే ఉంచి ఉండొచ్చు. అలా చేయలేదు. 2019 జనవరిలో దేశ తీర నియంత్రణ నిబంధనలు మారి, జనం ఎక్కువగా ఉండే గ్రామీణ తీరాల్లో నిర్మాణాలు కూడని మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. ఆ సడలింపు జాలర్ల ఇళ్లకూ పనికొస్తుంది, నిజమే. అయితే ముందే స్థలం రాసిచ్చేసిన కుటుంబానికి దాంతో ఒరిగేది ఏమీ లేదు.

గోడల సంగతి. కోత మొదలైన ప్రతి ఊళ్లోనూ జనం అడిగే మొదటి సాయం రాతి గోడే. కళ్ల ముందు ఇల్లు కూలుతుంటే అడగరా మరి? వాళ్లను తప్పుపట్టను. కానీ ఇసుక ఒకచోట ఉండేది కాదు, అలలతో పాటు తీరం వెంట నడుస్తూ ఉంటుంది. దారిలో ఓడరేవు గోడ అడ్డం వస్తే ఒకవైపు పేరుకుపోతుంది, రెండోవైపు కరువు. పుదుచ్చేరిలో 1980ల చివర్లో రేవు గోడలు కట్టాక ఉత్తరం వైపు పట్నం బీచ్ దాదాపు మాయమైంది. పట్నాన్ని కాపాడ్డానికి రాళ్లు పోశారు, కోత ఆ రాళ్ల చివర నుంచి ఇంకా ఉత్తరానికి, జాలరి ఊళ్ల మీదికి జరిగింది. 2018లో నీటి లోపల ఒక అడ్డుకట్ట లాంటి దిబ్బ దింపి, ఇసుక పోశాక పట్నం ముందు బీచ్ కొంత తిరిగి వచ్చింది. అంటే పరిజ్ఞానం ఉంది, డబ్బు పెడితే పని జరుగుతుంది. పట్నం ముందు జరిగినంత త్వరగా జాలరి ఊరి ముందు జరగదు, అంతే తేడా. 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలతో లెక్కవేస్తే మన దేశ తీరంలో సుమారు మూడో వంతు కోతకు గురవుతోందని తేలింది. ఈ కోతంతా సముద్ర మట్టం వల్లే అనుకోకూడదు. రేవులు, గోడలు, నదుల మీద ఆనకట్టలు కలిసి ఇసుకను ఎక్కడికక్కడ ఆపేశాయి. 'వాతావరణ మార్పు' అనే పేరు పెట్టేస్తే ఈ నిర్ణయాలు తీసుకున్నవాళ్ల బాధ్యత చెరిగిపోతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే. రాతి గోడకు ఇంకో నష్టం కూడా ఉంది. గోడ కట్టిన చోట పడవ లాగే ఇసుక ఉండదు. ఇల్లు నిలుస్తుంది, రేవు పోతుంది.

హెచ్చరికల విషయంలో మాత్రం మనిషి సాధించింది చాలా ఉంది, దాన్ని మనసారా ఒప్పుకోవాలి. 1970 నాటి భోలా తుఫానులో ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. 1991 తుఫానులో సుమారు లక్షా నలభై వేల మంది. 2007లో సిద్ర్ తుఫాను అంత బలంగా వచ్చినా మృతులు మూడున్నర వేల లోపే. 1970 తర్వాత రెడ్ క్రెసెంట్, ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన తుఫాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 76 వేల మందికి పైగా వాలంటీర్లు ఉన్నారు. అందులో సగం మంది ఆడవాళ్లు. మెగాఫోను పట్టుకుని, జెండా ఎగరేసి, ఇంటింటికీ తిరిగి చెప్పేది ఆ ఊరివాళ్లే. షెల్టర్లూ కట్టారు, కానీ తెలిసిన మనిషి వచ్చి లేవండి అంటేనే జనం లేస్తారు.

ఈ వ్యవస్థ ఒడ్డు మీదున్న వాళ్ల కోసం. నీటి మీదున్న వాళ్ల సంగతి వేరు. 2017 నవంబరు 29న వాయుగుండంగా ఉన్నది మర్నాటికే ఓఖీ తుఫానైంది. కన్యాకుమారి, తిరువనంతపురం తీరాల జాలర్లు చాలామంది అప్పటికే సముద్రంలో ఉన్నారు. సెల్‌ఫోన్ సిగ్నల్ తీరం దాటిన కాసేపటికే పోతుంది. రోజుల తరబడి లోపలే ఉండే బోట్లకు చెప్పే దారే లేదు. వందల ప్రాణాలు పోయాయి, గల్లంతైన చాలామంది ఇక రాలేదు. ఆ తర్వాత 2019 అక్టోబరులో ఉపగ్రహం ద్వారా హెచ్చరిక అందుకునే జెమిని అనే పరికరం తెచ్చారు. తీరం నుంచి 300 నాటికల్ మైళ్ల దాకా కబురు చేరుతుంది, అయితే బోటు నుంచి తిరిగి పలకడానికి లేదు. 2024 ఆగస్టులో లక్ష బోట్లకు రెండు వైపులా కబురు పంపుకునే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలైంది. ఇది సరైన దారి. నేను ఇందులో కోరేది ఒకటే. పెద్ద మర బోట్లతో పాటు చిన్న ఫైబరు పడవల వాళ్లకూ అందాలి. అరేబియా సముద్రంలో 2019 ఒక్క ఏడాదిలో 5 తుఫాన్లు వచ్చాయి, చిన్న పడవ పెద్ద పడవ అని అవి చూడలేదు.

కబురు అందినా ఆగని వాళ్లుంటారు. వాళ్లను మొండివాళ్లని టీవీల్లో తిట్టడం విన్నాను. అది అన్యాయం. పడవకూ ఇంజనుకూ అప్పిచ్చింది చాలాచోట్ల చేపలు కొనే వ్యాపారే. చేప అతనికే వేయాలి, ధర అతను చెప్పిందే. వారం రోజులు వేట లేకపోతే ఇంట్లో ఖర్చుకు మళ్లీ అతని దగ్గరే చెయ్యి చాచాలి. వాతావరణం పాడైన ప్రతి రోజూ ఆ బాకీ పెరుగుతుంది, బాకీ పెరిగిన కొద్దీ గాలి బాగోలేని రోజు కూడా దిగక తప్పదు. ఓడ కూలీలకు జీతం ఉంటుంది, జాలరికి ఉండేది వాటా. పడవ వెళ్లకపోతే వాటా సున్నా. కాబట్టి 'ఈ రోజు వెళ్లొద్దు' అని చెప్పే వ్యవస్థ ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ హెచ్చరిక సగమే. కరీబియన్ ద్వీపాల్లో ఈ దిశగా ఒక ప్రయత్నం జరిగింది. 2019లో గ్రెనడా, సెయింట్ లూసియా దేశాలు 'కోస్ట్' అనే బీమా తీసుకున్నాయి. తుఫాను నష్టంతో పాటు, అలలూ వానా ఫలానా హద్దు దాటి వేట సాగని పరిస్థితి వస్తే కూడా అది డబ్బు ఇస్తుంది. సర్వేయరు వచ్చి విరిగిన పడవ చూడనక్కర్లేదు, కొలతలు హద్దు దాటాయని తేలితే చాలు. ఎవరెవరికి పంచాలో ముందే జాబితా ఉంటుంది. ఆ జాబితాలో పడవ యజమానులతో పాటు కూలికి వెళ్లేవాళ్లూ, చేపలు అమ్మేవాళ్లూ, శుభ్రం చేసేవాళ్లూ ఉంటారు. ఇలాంటి ఆలోచన ఎక్కడ కనిపించినా నాకు ప్రాణం లేచొస్తుంది.

ఆ జాబితా అన్నది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో పట్టే చేపల్లో కనీసం 40 శాతం చిన్నతరహా జాలర్లదే. ఈ రంగం మీద కొంతైనా ఆధారపడి బతికేవాళ్లు 49 కోట్లకు పైమాటే. ఇందులో పనిచేసే ప్రతి పదిమందిలో నలుగురు ఆడవాళ్లు. నష్టపరిహారం మాత్రం చాలాచోట్ల పడవ నంబరు, వల సైజు చూసి లెక్క కడతారు. తుఫానులో గంప పోయినామె, ఎండబెట్టిన సరుకంతా కొట్టుకుపోయినామె, వల బాగుచేసి కూలి తీసుకునే ముసలాయన ఆ ఫారంలో ఏ గడిలోనూ పట్టరు. ఏం పోయిందని రాయాలి వాళ్లు? అకాల వానలు పెరిగాక ఎక్కువ దెబ్బ తిన్నది ఎండుచేపల పనే. చేపల్ని నేల మీద కాకుండా నడుమెత్తు పందిళ్ల మీద వల పరిచి ఆరబెడితే త్వరగా ఆరుతాయి, మట్టి అంటదు, వాన వస్తే పైన టార్పాలిన్ కప్పేయొచ్చు. ఇంత చిన్న ఏర్పాటు. దీనికి కావలసింది కాస్త కర్ర, పాత వల, ఆ పందిరి వేసుకునే చోటు మీద హక్కు. మూడోది లేక మొదటి రెండూ ఆగిపోతాయి, ఎందుకంటే రేపు ఎవరో వచ్చి తీసెయ్యమంటే ఎవరు అడ్డుపడతారు?

మడ అడవులు పెంచితే అంతా బాగుపడుతుందని చెప్పేవాళ్ల మాట కూడా ఒకసారి చూద్దాం. మడ చెట్లు అలల జోరు తగ్గిస్తాయి, చేప పిల్లలకు నీడనిస్తాయి, అదంతా నిజం. సునామీ తర్వాత శ్రీలంకలో ఊరూరా మొక్కలు నాటారు. తర్వాత పరిశోధకులు 23 చోట్లు వెళ్లి చూస్తే 9 చోట్ల ఒక్క మొక్కా బతికి లేదు. నీరు ఎంతసేపు నిలుస్తుందో చూడకుండా, ఆ నేలకు సరిపడని జాతిని, ఫొటోల కోసం నాటితే అంతే. ఇండోనేషియాలోని దెమాక్ తీరంలో పద్ధతి మార్చారు. కర్రలు పాతి, మధ్యలో కొమ్మలు కుక్కి, నీరు దూరి పోయేలాంటి కంచెలు సముద్రంలో కట్టారు. అల జోరు తగ్గి బురద వెనకాల పేరుకుంటే, మడ మొక్కలు వాటంతట అవే మొలుస్తాయి. అక్కడా అన్నీ సవ్యంగా జరగలేదు, భూగర్భ జలాలు తోడేయడం వల్ల నేలే కుంగిపోతోంది. అయినా ఆ కంచెల్ని కట్టేదీ, కొమ్మలు కొట్టుకుపోతే మళ్లీ కుక్కేదీ అక్కడివాళ్లే కాబట్టి నేర్చుకున్నది ఊళ్లో మిగిలింది.

ప్రత్యామ్నాయ జీవనోపాధి అనే మాట విన్నప్పుడల్లా నాకు అనుమానం. కుట్టు మెషిన్లు, కోళ్లు, మూడు రోజుల శిక్షణ, సర్టిఫికెట్. ఇష్టపడి వేరే పనికి వెళ్లే పిల్లలకు దారి చూపాలి, చదివించాలి, అందులో తగువు లేదు. కానీ నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పగలిగిన మనిషికి నీ విద్య ఇక పనికిరాదని చెప్పే ముందు, ఐసు దొరికేలా చేశామా, వ్యాపారి బాకీ తీరే లోను ఇచ్చామా, పెద్ద ట్రాలర్లు ఒడ్డు దగ్గరికి రాకుండా ఆపామా అని మనల్ని మనం అడుక్కోవాలి.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. జాలర్లే కదా సన్న కన్ను వలలతో పిల్ల చేపల్ని ఊడ్చేది, హక్కు ఇస్తే ఇంకా పాడు చేయరా అంటారు. ఊడ్చేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఎవరిదీ కాని నీటిలో నేను వదిలేసిన చేపను రేపు ఇంకొకడు పట్టుకుంటాడు, కాబట్టి వదలడంలో అర్థం లేదు. ఆ నీరు మా ఊరిది అని తేలితే లెక్క మారుతుంది. చిలీలో 1991 చట్టం జాలరి సంఘాలకు సముద్రపు అడుగున ఫలానా మేర మీద వాడుక హక్కు ఇచ్చింది. అప్పటికి దాదాపు అడుగంటిపోయిన లోకో అనే నత్తను ఆ సంఘాలు తామే కాపలా కాసి పెంచుకున్నాయి. మడగాస్కర్‌లో ఆందావదూక అనే ఊరు 2004లో ఆక్టోపస్ వేటను కొన్ని నెలలు మూసేసింది. తెరిచాక పెద్ద పెద్ద ఆక్టోపస్‌లు దొరికాయి. పక్క ఊళ్లు చూసి నేర్చుకున్నాయి. వేడెక్కుతున్న సముద్రంలో చేపకు కాస్త ఊపిరి పీల్చుకునే సమయం ఇవ్వడం కన్నా మంచి సర్దుబాటు ఏముంటుంది? అది చేయగలిగింది హక్కు ఉన్నవాళ్లు మాత్రమే.

ఇవన్నీ కొత్త మాటలు కావు. 2014లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సభ్య దేశాలు చిన్నతరహా మత్స్య రంగం కోసం స్వచ్ఛంద మార్గదర్శకాలను ఆమోదించాయి. అందులో తీరం మీదా, నీటి మీదా, చేప మీదా జాలరి సమాజాల హక్కు గురించి ఉంది. వాతావరణ మార్పు గురించి, ఆడవాళ్ల భాగస్వామ్యం గురించి విడిగా అధ్యాయాలు ఉన్నాయి. ఆ మార్గదర్శకాలను చంద్రికా శర్మకు అంకితం చేశారు. చెన్నై నుంచి ఏళ్ల తరబడి చిన్న జాలర్ల కోసం పనిచేసిన ఆమె, 2014 మార్చిలో అదే సంస్థ సమావేశానికి మంగోలియా వెళ్తూ, ఆచూకీ లేకుండా పోయిన ఎంహెచ్370 విమానంలో ఉన్నారు. ఆ పేజీ చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. స్వచ్ఛందం కాబట్టి ఏ ప్రభుత్వానికీ అవి పాటించక తప్పదన్న ఒత్తిడి లేదు. వాటిని దేశ చట్టాల్లోకి తెచ్చే పని చాలాచోట్ల అలాగే మిగిలి ఉంది. కొత్తగా ఆలోచించాల్సింది ఏమీ లేదు, ఒప్పుకున్న మాటను చట్టంగా రాయడమే మిగిలింది.

కొన్ని ఊళ్లు మాత్రం కదలక తప్పదు. ఎంత హక్కు ఉన్నా నీటి కింద ఎవరూ కాపురం ఉండలేరు, ఈ సంగతి దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. ఫిజీలో వునిదోగొలోవా అనే ఊరు 2014లో తీరం నుంచి రెండు కిలోమీటర్ల లోపలికి, ఎత్తు మీదికి వెళ్లింది. కొత్త ఇళ్లకు వంటిల్లు కట్టడం మరిచిపోయారు, అంటే ప్లాను గీసేటప్పుడు ఆడవాళ్లను అడగలేదన్నమాట. అయినా ఆ తరలింపు తట్టుకుని నిలబడింది. పాత ఊరి స్థలమూ, కొత్త ఊరి స్థలమూ రెండూ వాళ్ల సొంత తెగ భూమే. ఫిజీలో 80 శాతానికి పైగా భూమి అలా తెగల ఉమ్మడి ఆస్తిగా చట్టంలో ఉంది. వేటకెళ్లడానికి వాళ్లు పాత ఒడ్డుకు దిగితే ఎవరూ గేటు వేయలేరు. పనామాలో గార్దీ సుగ్దుబ్ అనే చిన్న ద్వీపం నుంచి 2024 జూన్‌లో దాదాపు 300 గునా ఆదివాసీ కుటుంబాలు ప్రధాన భూభాగంలో కట్టిన కాలనీకి మారాయి. గునాలకు తమ ప్రాంతం మీద స్వపరిపాలన ఉంది. మారాలన్న చర్చ వాళ్లలోనే 2010 ప్రాంతంలో మొదలైంది, చోటు తమ హద్దుల్లోనే చూసుకున్నారు. మేం వెళ్లం అన్న కొన్ని కుటుంబాలు ద్వీపంలోనే ఉండిపోయాయి, ఎవరూ బలవంతం చేయలేదు.

అందుకే తరలింపు ఒప్పందం అనేది రాసే ప్రతిచోటా నాలుగు వాక్యాలు ఉండాలంటాను. వదిలిన స్థలం ఊరి ఉమ్మడి పేరున ఉంటుంది, పడవలకూ వలలకూ ఎండుచేపలకూ తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. కొత్త ఇంటి నుంచి ఒడ్డుకు పోయే దారి ఖర్చు ప్రభుత్వానిది. ఎప్పుడు వెళ్లాలో, ఎవరు ముందు వెళ్లాలో ఆడవాళ్లూ మగవాళ్లూ కూర్చున్న ఊరి సభ తేలుస్తుంది. ఆ స్థలంలో పదేళ్ల తర్వాత రిసార్టు గానీ రేవు గానీ వస్తే, ఖాళీ చేసిన కుటుంబాలు కోర్టుకు వెళ్లి తిరిగి అడగవచ్చు. నాలుగో వాక్యం రాయడానికి ఏ ప్రభుత్వమైనా వెనకాడితే, ముందు ఆ స్థలం ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో చెప్పమనాలి.